బిట్రగుంటకు ఆవిరి ఇంజిను తేవాలంటే బొగ్గు లైను ఇంజినే మేలు

సంపాదకులు గారికి,

నమస్కారం. బిట్రగుంటలో మళ్లీ ఒక ఆవిరి ఇంజిను నడిపి పర్యాటకులకు చూపించాలని మీ జిల్లా పేజీలో కొన్నాళ్లుగా పాఠకులు రాస్తున్నారు. ఆలోచన మంచిదే. రౌండ్ హౌసు (ఇంజిన్లు నిలిపే గుండ్రటి షెడ్డు), లోకో షెడ్డు ఒకప్పుడు నడిచిన ఊరికి ఆ హక్కూ ఉంది. అయితే రాసిన వాళ్లలో చాలామంది డబ్ల్యూపీ ఇంజినే కావాలంటున్నారు. మెయిలు బండ్లు లాగిన ఆ తుపాకీ గుండు ముక్కు ఇంజిను ఫొటోలో బాగానే ఉంటుంది. దాన్ని తెచ్చి ఇక్కడ ఎక్కడ తిప్పుతారో, ఎవరు మేపుతారో మాత్రం ఎవరూ రాయలేదు. నెమ్మదిగా నాలుగు పెట్టెలు లాక్కుంటూ పదీ ఇరవై కిలోమీటర్లు వెళ్లి వచ్చే బండికి కావలసింది మెయిలు ఇంజిను కాదు. బొగ్గు లైన్ల మీద పనిచేసిన రకం చిన్న ట్యాంకు ఇంజిను చాలు. ఎందుకో వివరంగా రాస్తున్నాం.

ట్యాంకు ఇంజిను అంటే వెనక టెండరు (బొగ్గు, నీళ్లు మోసే విడి బండి) లేనిది. నీళ్లు బాయిలరుకు రెండు పక్కల తొట్లలో, బొగ్గు క్యాబు (డ్రైవరు నిలబడే గది) వెనక పెట్టెలో పెట్టుకుని తిరుగుతుంది. ముందుకైనా వెనక్కైనా ఒకే తీరుగా నడుస్తుంది. కాబట్టి ఇంజిను ముఖాన్ని అటు నుంచి ఇటు తిప్పే టర్న్ టేబులు అక్కర్లేదు. ఒక్క ఇంజిను కోసం టర్న్ టేబులు గుంట, మధ్య ఇరుసు, చుట్టు పట్టా అన్నీ మళ్లీ సరిచేయడం ఎంత ఖర్చో సివిల్ ఇంజనీర్లను అడిగితే చెప్తారు.

ఈ రకం ఇంజిన్ల పుట్టిల్లు వేల్స్‌లోని బొగ్గు లోయలు. అక్కడి చిన్న రైల్వేల్లో టాఫ్ వేల్ రైల్వే ఒకటి. మెర్థిర్ నుంచి కార్డిఫ్ రేవు దాకా 24 మైళ్ల అసలు లైను. 1840లో కొంత, 1841లో మిగతాది తెరిచారు. ఇంజనీరు బ్రూనెల్. గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు ఏడడుగుల గేజి పెట్టించిన మనిషే, ఈ లోయలో మలుపులు చూసి ఇక్కడ మాత్రం నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల గేజి చాలన్నాడు. గనులు ఎగువన, రేవు దిగువన. నిండు వ్యాగన్లు కిందికి దిగాలి, ఖాళీ వ్యాగన్లు పైకెక్కాలి. దూరాలు చిన్నవి, వేగంతో పని లేదు, లోయ చివర ఇంజినును తిప్పే జాగా ఉండదు. ఈ నాలుగు అవసరాలకూ సరిపడేలా కుదిరిందే 0-6-2 ట్యాంకు ఇంజిను. ముందు విడి చక్రాలు లేవు, ఆరు చక్రాలు జతగా లాగుతాయి, వెనక రెండు. బొగ్గు పెట్టె కింద ఉన్న వెనక జత చక్రాలు మలుపులో పక్కకు జరిగే ఇరుసు మీద ఉంటాయి. టాఫ్ వేల్, పక్కనున్న రిమ్నీ, బ్యారీ రైల్వేలు మూడూ చివరికి ఈ అమరికకే వచ్చాయి. 1922లో ఈ చిన్న రైల్వేలను కలుపుకున్న గ్రేట్ వెస్టర్న్ కూడా లోయ పనికి తన సొంత నమూనా వదిలి, ఇదే అమరికలో 1924 నుంచి 1928 లోపు 200 ఇంజిన్లు కట్టించింది.

ఆ 200 ఇంజిన్ల లెక్క చూడండి. రెండు సిలిండర్లు, ఒక్కోటి 18 అంగుళాల వ్యాసం, 26 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). బాయిలరు ఒత్తిడి చదరపు అంగుళానికి 200 పౌండ్లు. లాగే చక్రం వ్యాసం 55.5 అంగుళాలు. సిలిండరు వ్యాసాన్ని దానితోనే గుణించి, స్ట్రోకుతో, ఒత్తిడిలో 85 శాతంతో గుణించి, చక్రం వ్యాసంతో భాగిస్తే లాగుడు శక్తి వస్తుంది: సుమారు 25,800 పౌండ్లు. ఇంజిను బరువు దాదాపు 68 టన్నులు. ఇదే లెక్క డబ్ల్యూపీకి వేయండి. సిలిండర్లు 20.25 అంగుళాలు, స్ట్రోకు 28, ఒత్తిడి 210, చక్రం 67 అంగుళాలు. వచ్చేది 30,600 పౌండ్లు. టెండరుతో కలిపి డబ్ల్యూపీ బరువు దాదాపు 170 టన్నులు. రెండున్నర రెట్లు బరువు మోసుకు తిరిగి, అదనంగా ఇచ్చే లాగుడు ఐదో వంతు కూడా లేదు. డబ్ల్యూపీని తక్కువ చేయడం కాదు. దాని పెద్ద చక్రం, పెద్ద బాయిలరు గంటకు తొంభై, వంద కిలోమీటర్ల వేగంలో గంటల తరబడి ఆవిరి ఇవ్వడానికి పెట్టినవి. ముప్ఫై కిలోమీటర్ల వేగంలో అదంతా దండగ.

నిజానికి మన బండికి 25,800 పౌండ్లు కూడా అక్కర్లేదు. నాలుగు పెట్టెలు కలిపి 180 టన్నులనుకుందాం. చదును పట్టా మీద కదిలించడానికి టన్నుకు పది కిలోల లాగుడు వేసుకున్నా 1,800 కిలోలు. 25,800 పౌండ్లంటే 11,700 కిలోలు. లాగుడు ఒత్తిడిని బట్టి మారుతుంది కాబట్టి అదే ఇంజినును 200 బదులు 120 పౌండ్ల ఒత్తిడిలో నడిపినా 7,000 కిలోలు ఇస్తుంది. అసలు లాభం ఇక్కడుంది. పాత బాయిలరు రేకు అరిగిపోయి పూర్తి ఒత్తిడికి సర్టిఫికెట్ రాకపోతే, సేఫ్టీ వాల్వులు తగ్గించి కట్టి తక్కువ ఒత్తిడితో నడుపుకోవచ్చు. బండి ఆగదు. అవసరానికి మించిన లాగుడున్న చిన్న ఇంజినుకే ఈ వెసులుబాటు.

వేల్స్ ఇంజినునే తెమ్మని మా ఉద్దేశం కాదు. వాళ్ల గేజి వేరు, మన ఐదడుగుల ఆరంగుళాల గేజి వేరు. టాఫ్ వేల్ వాళ్ల 0-6-2ల్లో మిగిలినవే రెండు, 28వ నంబరు, 85వ నంబరు. రెండూ 1920లలో అమ్ముడుపోయి, ఆఖరికి ఇంగ్లండులో డర్హమ్ బొగ్గు గనుల్లో చాకిరీ చేసి బయటపడ్డాయి. 1899లో కట్టిన 85వ నంబరు ఇప్పుడు కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ అనే ఐదు మైళ్ల చిన్న లైనుకు చేరింది. మనకు కావలసింది ఆ రకం. మన బ్రాడ్ గేజిలోనూ సబర్బన్ బండ్లకు డబ్ల్యూఎం, డబ్ల్యూటీ తరగతి ట్యాంకు ఇంజిన్లు ఉండేవి. షంటింగుకు, వర్క్‌షాపులకు అంతకంటే చిన్నవీ ఉండేవి. వెతకాల్సింది వాటిలో.

ఇక నడపడం గురించి. ఇంజిను దగ్గరికి వెళ్లగానే ముందు చూడాల్సింది నీళ్లు. నిప్పు పెట్టడం ఆ తర్వాత సంగతి. గేజి గ్లాసులో (బాయిలరు నీటి మట్టం చూపే గాజు గొట్టంలో) నీళ్లు కనిపించినంత మాత్రాన బాయిలరులో అంతే ఉన్నట్టు కాదు, గ్లాసు దారి మూసుకుపోయి పాత నీళ్లే నిలిచి ఉండొచ్చు. ఆవిరి లేచాక రెండు గ్లాసుల్నీ విడివిడిగా పరీక్షించాలి. అడుగున ఉన్న డ్రైను కాకు (కుళాయి) తెరిస్తే నీళ్లు, ఆవిరి రెండూ కొట్టాలి. అది తెరిచే ఉంచి పై కాకు మూస్తే నీళ్లు మాత్రమే రావాలి. పైది తెరిచి కిందిది మూస్తే ఆవిరి మాత్రమే రావాలి. రెండూ తెరిచి డ్రైను మూసేస్తే నీళ్లు గబుక్కున ఎగిరొచ్చి మునుపటి మట్టంలో నిలవాలి. మెల్లగా పాకుతూ ఎక్కితే కింది దారిలో పొక్కు (నీళ్లలోని లవణాలు గట్టిపడి పట్టే పొర) పట్టిందని అర్థం. ఆ ఇంజిను ఆ రోజు బయటికి వెళ్లకూడదు. గ్లాసు చుట్టూ ఉండే మందపాటి అద్దపు కవరు లేకుండా ఈ పరీక్ష చేయకూడదు. గొట్టం పగిలితే ముక్కలు ముఖానికే వస్తాయి.

దీనికి ఇంత పట్టుబట్టడానికి కారణం ఫైర్ బాక్సు (బొగ్గు మండే పెట్టె) పైకప్పు రేకు. కింద నిప్పు, పైన నీళ్లు. 200 పౌండ్ల ఒత్తిడి దగ్గర నీళ్లు 198 డిగ్రీల వేడిలో ఉంటాయి కాబట్టి, నీళ్లు కప్పి ఉన్నంతసేపు రేకు అంతకు కాస్త పైనే ఉంటుంది. నీళ్లు తగ్గి రేకు బయటపడితే నిమిషాల్లో ఎర్రబడి మెత్తబడి, స్టే బోల్టుల (ఫైర్ బాక్సును బయటి రేకుకు కట్టి ఉంచే బోల్టుల) మీంచి ఊడి లోపలికి కుంగిపోతుంది. అందుకే ఆ రేకులో సీసం పోసిన ప్లగ్గు పెడతారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరిగి, ఆ రంధ్రం లోంచి ఆవిరి నిప్పు మీదికి కొట్టి క్యాబులో వాళ్లను హెచ్చరిస్తుంది. హెచ్చరించడమే దాని పని. నిప్పు ఆర్పడం దాని వల్ల కాదు. సీసం మీద పొక్కు పేరుకుంటే సమయానికి కరగదు కూడా. కాబట్టి వాష్‌అవుట్ (బాయిలరు లోపల కడగడం) చేసిన ప్రతిసారీ తీసి చూడాలి, కాలం ప్రకారం కొత్తది పోయించాలి.

కొండ లైన్లలో ఈ బెడద ఇంకా ఎక్కువ. నలభై అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తులో, ఐదు మీటర్ల పొడవున్న బాయిలరులో ఒక కొసకూ రెండో కొసకూ నీటి మట్టం తేడా పన్నెండున్నర సెంటీమీటర్లు. పొగగొట్టం ఎగువకు ఉంటే నీళ్లు వెనక్కి జరిగి ఫైర్ బాక్సును కప్పుతాయి. దిగువకు ఉంటే ముందుకు పారి పైకప్పు రేకును బయటపెడతాయి. టాఫ్ వేల్ వాళ్లకు పుల్లిర్హెబాగ్ అనే చోట పదమూడుకు ఒకటి ఎత్తు ఉండేది. దానికోసం 1884లో కిట్సన్ కంపెనీ చేత బాయిలరు ముందు వైపు సన్నగా, వెనక లావుగా ఉండే ప్రత్యేకమైన ఇంజిన్లు మూడు కట్టించుకున్నారు. నెల్లూరు తీరం చదును నేల కాబట్టి మనకు ఆ ఇబ్బంది లేదు. అయినా గట్టిగా బ్రేకు వేసినప్పుడు నీళ్లు ముందుకు ఉరుకుతాయి. గ్లాసులో సగానికి తగ్గకుండా ఉంచుకోవడమే క్షేమం.

బొగ్గు విషయంలో ఒక పాఠకుడు కృష్ణపట్నం రేవు దగ్గరే ఉండగా బొగ్గుకు కొదవేమిటని రాశారు. రేవులో బొగ్గు కొండలున్న మాట నిజమే. కానీ అది థర్మల్ స్టేషన్లకు వచ్చే బొగ్గు. అక్కడ మిల్లుల్లో పౌడరులా నూరి గాలితో ఊదుతారు కాబట్టి ముక్క సైజుతో వాళ్లకు పట్టింపు లేదు. లోకో ఇంజినుకు పిడికిలంత, అంతకు కాస్త పెద్ద ముక్కలు కావాలి. పొడి వేస్తే సగం నిప్పు కింది కడ్డీల సందుల్లోంచి బూడిద పడే ఆష్ పాన్‌లోకి రాలుతుంది, మిగతాది బ్లాస్టుకు (పొగగొట్టం లాగే గాలి ఊపుకు) ఎగిరి బాయిలరు లోపలి పొగ ట్యూబుల్లోంచి పొగగొట్టం దారి పడుతుంది. దిగుమతుల్లో ఎక్కువగా ఉండే ఇండోనేషియా బొగ్గులో బూడిద తక్కువ, తేమ ఎక్కువ, మంటకొచ్చే వాయువు ఎక్కువ. కుప్పగా పోసి వదిలేస్తే తనంతట తనే వేడెక్కి పొగలు కక్కుతుంది. షెడ్డులో నెలల తరబడి నిల్వ పెట్టుకునే సరుకు కాదు.

సింగరేణి బొగ్గుకు బూడిద ఎక్కువ. వేల్స్ లోయల బొగ్గు దీనికి పూర్తిగా విరుద్ధం: బూడిద అతి తక్కువ, పొగ తక్కువ, మందంగా పేర్చినా మండుతుంది. అందుకే బ్రిటిష్ నౌకాదళం దానికోసం ఎగబడేది. వాళ్లు రాసిన ఫైరింగు పద్ధతి మన బొగ్గుకు నప్పదు. మన బొగ్గును పెనం మీద పలచటి అట్టులా పరవాలి. ముందు వైపు పది, పన్నెండు సెంటీమీటర్లకు మించకుండా, తలుపు కింద వెనక మూలల్లో కాస్త మందంగా. నాలుగైదు పారలు వేసి, తలుపు కొద్దిగా తెరిచి అర నిమిషం పైగాలి ఇవ్వాలి. లేకపోతే వాయువు కాలకుండానే నల్లపొగగా పోతుంది. పొగ సన్నటి బూడిద రంగులోకి రాగానే తలుపు మూసి, మళ్లీ అవసరమైనప్పుడే తీయాలి. పొగ అసలు లేకుండా ఒత్తిడి పడిపోతుంటే మంటలో ఎక్కడో బొక్క పడిందని తెలుసుకోవాలి. ఆ బొక్కలోంచి చన్నీటి లాంటి గాలి నేరుగా ట్యూబు ప్లేటుకు (ట్యూబులు బిగించిన రేకుకు) తగిలి ట్యూబుల మొదళ్లు కారడం మొదలవుతుంది. ట్యూబులు కారుతున్నాయని ఫిట్టరు మీద అరిచే ముందు ఫైర్‌మన్ పార చూడాలి.

లెక్కకొస్తే, నాలుగు పెట్టెల బండితో చిన్న ఇంజిను కిలోమీటరుకు పదిహేను కిలోల దాకా తింటుంది. రానూపోనూ 40 కిలోమీటర్లకు 600 కిలోలు. చల్లటి ఇంజినును వేడెక్కించడానికి, మధ్యలో నిలబడినప్పుడు ఒత్తిడి నిలపడానికి ఇంకో అర టన్ను. మొత్తం 1,100 కిలోల్లో బూడిద 35 శాతమనుకుంటే 385 కిలోలు తవ్విపోయాలి. ఆష్ పాన్ మధ్యలో ఒకసారి ఖాళీ చేయకపోతే బూడిద కడ్డీల దాకా నిండి గాలి ఆగిపోతుంది, కింది నుంచి చల్లదనం అందని కడ్డీలు కరిగి వంగిపోతాయి. తిరిగే లైను రెండో కొసన బూడిద దించే గుంట, నీటి గొట్టం ఉండాలని ప్రణాళికలో ముందే రాసుకోవాలి.

వేడెక్కించడంలో తొందర పనికిరాదు. చల్లటి బాయిలరును రెండు గంటల్లో ఆవిరికి తెస్తే ఫైర్ బాక్సు ఒక వేగంతో, బయటి రేకు ఒక వేగంతో సాగి, మధ్యలో ఉన్న స్టే బోల్టులు విరుగుతాయి. చిన్నదానికైనా ఆరేడు గంటలు ఇవ్వాలి. ఉదయం బండికి ముందు రోజు రాత్రే సన్నటి సెగ పెట్టడం పాత షెడ్డుల పద్ధతి. స్టే బోల్టు కొసల్లో సన్నటి రంధ్రం ఉంటుంది. బోల్టు లోపల విరిగితే దాని లోంచి ఆవిరి చిమ్ముతుంది. రంగు వేసేవాళ్లు అందం కోసం ఆ రంధ్రాలు పూడ్చేస్తుంటారు. అంతకంటే చెడ్డ పని లేదు.

బొగ్గు కంటే మాకు ఎక్కువ బెంగ నీళ్ల మీద. తీరానికి దగ్గర బోర్లలో ఉప్పు ఉంటుంది. ఒక రోజు నడకకు ఇంజిను 4,000 లీటర్ల నీళ్లు ఆవిరి చేస్తుందనుకోండి. ఆవిరి పోతుంది, నీళ్లలో కరిగి ఉన్నది బాయిలరులోనే ఉంటుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లయితే రోజుకు రెండు కిలోలు. 1,500 ఉంటే ఆరు కిలోలు. ఇందులో కొంత పొక్కుగా ట్యూబులకు పట్టి వేడిని అడ్డుకుంటుంది, కొంత బురదగా ఫైర్ బాక్సు చుట్టూ అడుగు రింగు దగ్గర చేరుతుంది. మిగతా ఉప్పు నీళ్లలోనే చిక్కబడి నురగ లేపుతుంది. నురగ లేస్తే ఆవిరితోపాటు నీళ్లు సిలిండర్లలోకి పోతాయి. నీరు నొక్కుకు తగ్గదు కాబట్టి సిలిండరు మూత ఎగిరిపోవడమో, పిస్టన్ రాడ్డు వంగడమో జరుగుతుంది. పొగగొట్టం లోంచి తెల్లటి తుంపర పడుతుంటే వెంటనే రెగ్యులేటరు (సిలిండర్లకు ఆవిరి వదిలే మీట) తగ్గించి సిలిండరు కాకులు తెరవాలి. సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లకు సోడా యాష్ కలిపితే పొక్కు తగ్గుతుంది గానీ నురగ పెరుగుతుంది. అందుకని సోడా వేసినప్పుడు బ్లో డౌన్ (బాయిలరు అడుగు నీళ్లు బయటికి వదలడం) కూడా పెంచాలి.

వాష్‌అవుట్ నీళ్లు బాగుంటే రెండు మూడు వారాల నడకకోసారి, బాగోకపోతే వారానికోసారి. బాయిలరును రాత్రంతా తనంతట తను చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు ఖాళీ చేసి చన్నీళ్లు కొడితే ట్యూబు ప్లేటు పగుళ్లు ఇస్తుంది, బురద కూడా కాలిన రేకుకు గట్టిగా అతుక్కుంటుంది. మూలల్లో ఉన్న ప్లగ్గులన్నీ విప్పి, ముందు పైకప్పు రేకు మీద గొట్టంతో కొట్టి, తర్వాత పక్కలు, చివర అడుగు రింగు కడగాలి. వంపు కడ్డీలతో గీరి, దీపం పెట్టి చూసి, శుభ్రమైన నీళ్లు వచ్చేదాకా ఆపకూడదు. ప్లగ్గు మరలు గ్రాఫైటు ముద్ద రాసి చేత్తోనే మొదలుపెట్టాలి. ఇత్తడి మర అడ్డంగా ఎక్కిన ప్లగ్గు ఒత్తిడిలో ఊడితే ఎదురుగా ఉన్న మనిషి బతకడు.

పైన తీగల మాట కూడా మరచిపోకూడదు. ఇది 25,000 వోల్టుల విద్యుత్ లైను. ట్యాంకు ఇంజినుకు నీళ్ల మూత పైనే ఉంటుంది. తీగ కింద ఎక్కి మూత తీయడం, బొగ్గు పెట్టె మీద నిలబడి పొడుగాటి కడ్డీ తిప్పడం ప్రాణాంతకం. నీళ్లు, బొగ్గు, బూడిద పనులన్నీ తీగ లేని సైడింగులోనే జరగాలి. ఎడతెరిపి లేని విజయవాడ-చెన్నై మెయిన్ లైను మీద ముప్ఫై కిలోమీటర్ల వేగపు బండికి దారి దొరకడం కష్టమైతే, దూరం తగ్గించుకుని యార్డు పట్టాల మీదే నడుపుకోవడం మేలు.

ఇంజిను ఎంపికకు వెళ్లేవాళ్లు పైరంగు చూసి మురిసిపోకుండా స్మోక్ బాక్సు (పొగగొట్టం కింద ఉండే ముందు పెట్టె) తలుపు తెరిచి అడుగు చూడాలి. దిమ్మెల మీద నిలబెట్టిన ఇంజిన్లలో మొదట పోయేది అదే. ఎప్పుడో వదిలేసిన బూడిదలో గంధకం ఉంటుంది. వాన నీళ్లు పొగగొట్టం లోంచి పడి దానితో కలిస్తే యాసిడై రేకును తినేస్తుంది. తర్వాత బాయిలరు చుట్టూ తొడుగు విప్పి చూడాలి. దాని కింది పూత ఆస్‌బెస్టాస్ కావచ్చు, మాస్కు లేకుండా గోకకూడదు. బాయిలరు రేకు మందం, ఫైర్ బాక్సు పక్కల మందం అల్ట్రాసోనిక్ మీటరుతో చేయి వెడల్పుకు ఒకచోట కొలిచి పటం గీయించాలి. స్టే బోల్టులను సుత్తితో కొట్టి వినాలి, మంచిది ఖంగుమంటుంది, విరిగింది బద్దగా పలుకుతుంది. ట్యూబులు ఎలాగూ కొత్తవే వేయాలి. అన్నీ అయ్యాక నడిపే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు చన్నీటి పరీక్ష.

ఇవన్నీ తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా మన ప్రాంతంలో స్టేషన్ల ముందు, వర్క్‌షాపుల ముందు నిలబెట్టిన ఇంజిన్లకు స్మోక్ బాక్సు బూడిద పూర్తిగా తోడించి, పొగగొట్టానికి రేకు మూత బిగించి, సిలిండరు కాకులు, బాయిలరు అడుగు ప్లగ్గులు తెరిచి పెట్టించమని సంబంధిత అధికారులను కోరుతున్నాం. ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. అక్టోబరు వానలు పడకముందే చేయించాలి.

ఇట్లు,
కొందరు విశ్రాంత లోకో ఉద్యోగులు,
బిట్రగుంట, నెల్లూరు జిల్లా.